పండగ పూట పాపకి ఏ వీడియో పెట్టాలి?

మదనపల్లె నుంచి మళ్లీ నేనే. పోయిన వారం ఒకమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, వినాయక చవితి వస్తా ఉంది. మా బాబుకి పద్నాలుగు నెలలు. పండగంటే ఏందో వాడికి తెలిసేలా మంచి వీడియోలు నాలుగు చెప్పక్కా" అని. అదే వారంలో ఇంకో ఇద్దరు కూడా దాదాపు ఇదే అడిగారు. ఒకాయన దసరాకి, ఒకామె క్రిస్మస్‌కి. సరే, దీని మీద ఒక ఎపిసోడ్ చేసేద్దాం అనుకున్నా.

నాకింకా పిల్లల్లేరు. నేను పిన్నిని మాత్రమే. మా అక్కని పుంగనూరులో ఇచ్చారు, దాని కూతురికి నేను పిన్ని. కుప్పంలో మా పెద్దమ్మ కొడుకు ఉన్నాడు, వాళ్ల బాబుకి అత్తని. పండగొస్తే ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో తిరిగేది నేనే, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేది కూడా ఎక్కువ నేనే. అందుకే ఈ టాపిక్ మీద మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉంది, సిగ్గు పడాల్సిన బాధ్యత ఇంకొంచెం ఎక్కువుంది. ఎందుకో చెప్తా.

పోయిన సంక్రాంతికి పుంగనూరు వెళ్లా. అప్పటికి పాపకి ఏడాది ఎనిమిది నెలలు. మా వైపు కనుమని పశువుల పండగ అంటాం కదా, ఆ రోజు. అక్క వాళ్ల మామగారికి ఒక పుంగనూరు ఆవు ఉంది. పుంగనూరు ఆవంటే మీకు తెలుసు, చిన్న జాతి, ఎత్తు మూడడుగుల లోపే ఉంటుంది. 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలో తన ఇంట్లో మేత పెడుతున్న ఫోటోలు అందరి ఫోన్లలో తిరిగాయి చూడండి, ఆ ఆవులే. తాత ఆ ఫోటోని ఇప్పటికీ అందరికీ చూపిస్తాడు, తన ఆవే ఢిల్లీ వెళ్లొచ్చినట్టు.

ఆ రోజు ఆయన తెల్లారుజామున లేచాడు. ఆవుని కడిగి, కొమ్ములకి రంగేసి, మెళ్లో గంటలు కట్టి, నుదుట పసుపు కుంకుమ పెట్టాడు. పాప లేచి, స్నానం చేసి, కొత్త గౌను వేసుకునేదాకా ఆవుని వాకిట్లో పట్టుకుని నిలబడ్డాడు. మనవరాలితో ఆవుకి ఒక ఓళిగ తినిపించాలని ఆయన ఆశ. ఆవు ఎత్తు కూడా సరిగ్గా పాపకి అందే ఎత్తే.

ఈలోగా నేనేం చేశానంటే, పాప జడ వేయించుకోకుండా గింజుకుంటోందని ఫోన్‌లో 'సంక్రాంతి పిల్లల పాటలు' అని వెతికి, మొదట వచ్చింది పెట్టేశా. కార్టూన్ ఆవు, కళ్లకి నల్ల కళ్లద్దాలు, రెండు కాళ్ల మీద నిలబడి డాన్సు. పాప కదల్లేదు. జడ అయిపోయింది. ఒక పాట అయిపోయింది, రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. ఎత్తుకుని వాకిట్లోకి తీసుకొచ్చినా కళ్లు ఫోన్ మీదే. రెండడుగుల దూరంలో నిజం ఆవు నిలబడి ఉంది, ఈ పిల్ల కార్టూన్ ఆవుని చూస్తోంది. నేను ఫోన్ లాక్కున్నా. అంతే, కింద పడి దొర్లి ఒకటే ఏడుపు. ఆ అరుపుకి ఆవు బెదిరి వెనక్కి లాగింది, గంటలు చప్పుడయ్యాయి, పాప ఇంకా భయపడింది.

తాత ఏమీ అనలేదు. "ఏడిపించొద్దులేమ్మా. ఆవు యాడికి పోతాది, ఈడే ఉంటాది" అని, చేతిలో ఓళిగ ఆయనే ఆవుకి పెట్టి, కొట్టంలోకి తోలుకెళ్లిపోయాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు నాకు.

ఆ రాత్రి మదనపల్లె బస్సులో కూర్చుని వెతకడం మొదలుపెట్టా. ఏ వీడియో మంచిది అని వెతకలేదు. అసలు ఆ వయసు పిల్లకి వీడియో ఏం చేస్తుంది అని వెతికా.

ముందు వయసు సంగతి తేల్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఏడాది లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దంది. ఏడాది దాటి రెండేళ్ల లోపు వాళ్లకీ సిఫారసు చెయ్యలేదు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా రోజుకి గంట మించొద్దు, అంతకన్నా తగ్గితే ఇంకా మంచిది అంది. మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, కూడా ఇదే లెక్క చెప్తుంది. రెండేళ్ల లోపు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల దాకా గంట, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండి. ఒక్క మినహాయింపు ఉంది, వీడియో కాల్. దాని గురించి కుప్పం వెళ్లినప్పుడు మాట్లాడుకుందాం.

కాబట్టి పద్నాలుగు నెలల బాబు వాళ్లమ్మా, నీకు నా జవాబు ఇదీ. వినాయక చవితికి మీ వాడికి ఏ వీడియో వద్దు. గుప్పెడు బంకమట్టి ఇవ్వు. నోట్లో పెట్టుకుంటాడు, కాబట్టి పక్కనే కూర్చో. పత్రిలో గరిక ఇవ్వు, పీకి పడేస్తాడు. వాడికి వినాయక చవితి అంటే అదే. చేతికి తడి తగలాలి, ఆకు వాసన రావాలి. వీడియోలో ఈ రెండూ లేవు.

"మరి వీడియోలో చూస్తే మాటలు నేర్చుకుంటారంటారే" అని మా అక్క అడిగింది. న్యాయమైన ప్రశ్న. దీని మీద నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. 2003లో అమెరికాలో ప్యాట్రిషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం చేసింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలో పుట్టిన తొమ్మిది నెలల పిల్లల్ని తీసుకున్నారు. కొందరి ముందు చైనా భాష మాండరిన్ మాట్లాడే మనిషి కూర్చుని, బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ మాట్లాడింది. పన్నెండు సార్లు. ఇంకొందరికి అదే మాటలు టీవీలో చూపించారు. మనిషి ఎదురుగా ఉన్న పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడాలు పట్టేశారు. టీవీ చూసిన పిల్లలు, అసలు ఏమీ విననివాళ్లతో సమానం. అవే మాటలు, అంతే సమయం. మనిషి ఒక్కటే తేడా.

దీనికి పరిశోధకులు ఒక పేరు కూడా పెట్టారు, 'వీడియో డెఫిసిట్' అని. తెలుగులో వీడియో లోటు అనుకోండి. రెండు, రెండున్నర ఏళ్ల దాకా పిల్లలు మనిషి దగ్గర నేర్చుకున్నంత తెర దగ్గర నేర్చుకోలేరు అని దాని అర్థం. బేబీ ఐన్‌స్టీన్ అని పసిపిల్లల డీవీడీలు ఉండేవి, మనలో చాలామంది అప్పటికి స్కూల్లో ఉన్నాం. అవి చూపిస్తే పిల్లలకి తెలివి పెరుగుతుందని కొన్న తల్లిదండ్రులకి 2009లో డిస్నీ కంపెనీ డబ్బులు వాపస్ ఇస్తామంది. ఇప్పుడు అలాంటివి ఉచితంగా వస్తున్నాయి కాబట్టి వాపస్ అడిగేవాళ్లు లేరు.

అయితే ఇక్కడో మెలిక ఉంది. పిల్లలు వీడియో నుంచి ఏమీ పట్టుకోరు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1988లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనే ఆయన చూపించాడు, పద్నాలుగు నెలల పిల్లలు కూడా టీవీలో మనిషి బొమ్మతో చేసిన పనిని చూసి అలాగే చేస్తారని. ఆ వయసుకి మాట ఎక్కకపోయినా చేత్తో చేసే పని ఎక్కగలదు. ఇది దీపావళికి చాలా ముఖ్యం. దీపావళి పిల్లల వీడియోలు ఈసారి కొంచెం జాగ్రత్తగా చూడండి. మూడేళ్ల బొమ్మ పాప కాకరపువ్వొత్తి మొహం దగ్గర పెట్టుకుని గిర్రున తిరుగుతుంటుంది. కార్టూన్ బాబు వంగి చిచ్చుబుడ్డి అంటిస్తుంటాడు, చుట్టుపక్కల పెద్దవాళ్లు ఎవరూ ఉండరు. పాట ఎంత ముద్దుగా ఉన్నా అలాంటిది నేను పెట్టను. దీపం వెలిగించే వీడియో అయినా సరే, వెలిగించేది ఎవరో చూడండి. అమ్మో నాన్నో వెలిగిస్తే పెట్టండి. పిల్లే వెలిగిస్తే తీసెయ్యండి.

ఇప్పుడు కుప్పం వెళ్దాం. అక్కడ అన్న వాళ్ల బాబుకి మూడేళ్లు దాటాయి. అంటే వాడికి వీడియో పెట్టొచ్చు, కాకపోతే లెక్క ప్రకారం. కుప్పం సంగతి తెలుసుగా, ఒక పక్క తమిళనాడు, ఒక పక్క కర్ణాటక. మా వదిన కృష్ణగిరి వైపు నుంచి వచ్చింది, పిల్లాడితో తమిళం మాట్లాడుతుంది. అన్న తెలుగు. పక్కింటి అవ్వ కన్నడం. వీడు ముగ్గురికీ మూడు భాషల్లో జవాబు చెప్తాడు. ఒక్క వీడియో చూడకుండానే! నేను చెప్పిన మాండరిన్ ప్రయోగాన్ని మా వదిన రోజూ ఇంట్లోనే చేస్తోంది, తనకి తెలీకుండా.

అన్న పని బెంగళూరులో. కుప్పం నుంచి రైల్లో పోయి వచ్చేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. పోయిన దసరాకి షిఫ్టు పడి రాలేకపోయాడు. ఆయుధ పూజ రోజు వదిన వీడియో కాల్ చేసి, పిల్లాడి చేత సైకిల్‌కి బొట్టు పెట్టించింది. అన్న అవతల నుంచి "ముందు చక్రానికి పెట్టావా? వెనక చక్రం అడుగుతా ఉంది చూడు, నాకేదీ అని" అంటే వీడు పరిగెత్తుకెళ్లి దానికీ పెట్టాడు. వీడియో కాల్‌ని ఎందుకు మినహాయించారో నాకు అప్పుడు అర్థమైంది. తెరలో ఉన్న మనిషి పిల్లాడు చేసేది చూసి మాట్లాడుతున్నాడు. వీడు అడిగితే జవాబొస్తోంది. కార్టూన్ "మీ ఇంట్లో ముగ్గు వేశారా?" అని అడిగి, రెండు సెకన్లు ఆగి, "భలే!" అంటుంది, మీ ఇంట్లో ముగ్గు వేసినా వెయ్యకపోయినా.

రెండేళ్లు దాటిన పిల్లలకి వీడియో ఎంచుకోవడంలో నేను వదిన దగ్గర చాలా నేర్చుకున్నా. ఆమె పిల్లాడికి పెట్టే ముందు తను ఒకసారి సౌండ్ తీసేసి చూస్తుంది. ఇది మీరూ చెయ్యండి. మ్యూట్ చేసి అర నిమిషం చూడండి. బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండు చేతుల వేళ్లూ అయిపోతే నేనైతే వద్దంటాను. ఈ పది అనే లెక్క నాదే, ఏ డాక్టరూ చెప్పింది కాదు. కానీ వేగం గురించి భయం మాత్రం ఊరికే వచ్చింది కాదు. 2011లో ఒక ప్రయోగం చేశారు. నాలుగేళ్ల పిల్లలకి తొమ్మిది నిమిషాలు బాగా వేగంగా నడిచే కార్టూన్ చూపించి, వెంటనే ఆగి ఆలోచించే పనులు కొన్ని ఇచ్చారు. నెమ్మదిగా నడిచే కార్టూన్ చూసినవాళ్ల కంటే, కాగితం మీద బొమ్మలు గీసుకున్నవాళ్ల కంటే వీళ్లు వెనకబడ్డారు. తొమ్మిదే నిమిషాలు! జడ వేసేంత టైమ్.

తర్వాత సౌండ్ పెట్టి, కళ్లు మూసుకుని వినండి. ఎక్కడైనా ఊపిరి తీసుకునే ఖాళీ ఉందా? మనం మధ్యలో "అదిగో గరిక, మన పెరట్లో ఉంది కదా" అనడానికి సందు ఉందా? డోలు, కీబోర్డు, చిన్నపిల్లల నవ్వులు, ఈలలు అన్నీ ఒకదాని మీద ఒకటి పడుతుంటే మన గొంతు అందులో మునిగిపోతుంది. మన మాట దూరే సందు లేని వీడియో వద్దు.

మూడోది, అది మన పండగేనా అని. ఇది కొంచెం మనసులో మాట. సంక్రాంతి పిల్లల వీడియోల్లో చూపించేది చాలావరకు కోస్తా సంక్రాంతి. హరిదాసు, కోడిపందేలు, భోగిపళ్లు. అవి బాగుంటాయి, కాదనను. కానీ మా వీధిలోకి హరిదాసు రావడం నేనెప్పుడూ చూడలేదు, మా ఇంట్లో పిల్లలకి భోగిపళ్లు పొయ్యరు. మా పిల్లలు నిజంగా చూసేది రంగేసిన కొమ్ములు, చిట్లాకుప్ప మంట, పొంగలి కుండ. మూడేళ్ల పిల్లాడికి వీడియోలో చూసింది మర్నాడు వాకిట్లో కనపడితేనే రెండూ కలుస్తాయి. కనపడకపోతే అదొక కథ, అంతే. క్రిస్మస్‌కి ఇంకా దూరం. ఇంగ్లీషు వీడియోల్లో మంచు, జింకల బండి, పొగగొట్టంలోంచి దిగే తాత. మన దగ్గర క్రిస్మస్ అంటే గుమ్మానికి వేలాడే కాగితం నక్షత్రం, రాత్రిపూట పాటలు పాడుతూ ఇంటింటికీ వచ్చే గుంపు, పక్కింటికి పంపే కేకు ముక్క. మెసేజ్ పెట్టిన ఆమెకి అదే చెప్పా. మీ పాప చూడబోయే నక్షత్రం ఉన్న వీడియో దొరికితే పెట్టండి, దొరక్కపోతే నక్షత్రాన్నే చూపించండి.

జాతర సంగతి కూడా చెప్పాలి. కుప్పంలో మేలో గంగమ్మ జాతర, పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర. ఆ జనం, ఆ డప్పులు, ఆ వేషాలు చిన్నపిల్లలకి నిజంగా భయమే. జాతర పూర్తి వీడియో ముందే చూపిస్తే అలవాటవుతుందని అన్న అన్నాడు. వదిన ఒప్పుకోలేదు. డప్పు కొట్టే ఆయన్ని పగటిపూట, ఖాళీగా ఉన్నప్పుడు దగ్గరగా చూపించి, ఒక దెబ్బ పిల్లాడి చేత కొట్టించింది. తర్వాత ఆ డప్పు వీడియో నిమిషం మాత్రం, సౌండ్ తగ్గించి చూపించింది. జాతర రోజు వాడు చెవులు మూసుకున్నాడు, కానీ ఏడవలేదు. "అప్పుడు నేను కొట్టినానే, అదే" అన్నాడు.

ఇంకో కొత్త తలనొప్పి, ఏఐతో చేసిన వీడియోలు. పండగకి వారం ముందు కుప్పలు తెప్పలుగా వస్తాయి. వినాయకుడి చేతికి ఆరు వేళ్లు, ఒక సీన్లో ఎలుక, ఇంకో సీన్లో అదే ఎలుక కుందేలు, బోర్డు మీద తెలుగు అక్షరాల్లా ఉండే ఏవో గీతలు. నిజంలా కనిపించే ఏఐ వీడియోలకి చెప్పి తీరాలని యూట్యూబ్ 2024లో రూల్ పెట్టింది, కానీ చూడగానే కార్టూన్ అని తెలిసే వాటికి ఆ రూల్ వర్తించదు. అంటే లేబుల్ కోసం చూసి లాభం లేదు, మన కళ్లతోనే చూడాలి. అక్షరాలు నేర్చుకునే వయసు పిల్లలకి తప్పు అక్షరం చూపించడం నాకు ఆరు వేళ్ల కంటే పెద్ద తప్పనిపిస్తుంది.

ఫోన్‌లో చెయ్యాల్సినవి గబగబా చెప్పేస్తా. పిల్లల కోసం అని మార్క్ చేసిన వీడియోల్లో 2020 జనవరి నుంచి కామెంట్లు ఉండవు, మన అలవాట్లని బట్టి వచ్చే యాడ్లు ఉండవు. ఆ మార్క్ లేకపోతే, పండగ పాటైనా భక్తి పాటైనా, ముందొచ్చే యాడ్ పాపని చూసి రాదు, మీ ఫోన్‌ని చూసి వస్తుంది. మీరు నిన్న ఏం వెతికారో మీకే తెలుసు. ఇంట్లో వాడేది యూట్యూబ్ కిడ్స్ అయితే, అందులో మీరు ఒప్పుకున్న వీడియోలే కనిపించేలా పెట్టుకునే సెట్టింగ్ ఉంది, టైమర్ ఉంది. మామూలు యూట్యూబ్ అయితే ఆటోప్లే ఆపెయ్యండి. ఆ రోజు నా కొంప ముంచింది అదే, రెండో పాటా మూడో పాటా నేను పెట్టలేదు. నేను ఇప్పుడు చేసేదేంటంటే, ముందు రోజే రెండు వీడియోలు డౌన్‌లోడ్ చేసుకుని, ఇచ్చేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెడతా. రెండూ అయిపోతే ఫోనే అయిపోయింది. నేను లాక్కోలేదు, అది అయిపోయింది. పిల్లలకి ఈ తేడా బాగా తెలుసు.

ఇంకొక్క మాట అనాలి, కొంతమందికి కోపం రావచ్చు. పండగ రోజు పిల్లలకి ఫోన్ ఎందుకిస్తాం? వంటింట్లో ఆడవాళ్ల చేతులు ఖాళీ లేవు కాబట్టి. అక్క ఒక చేత్తో నిప్పట్లు వేయిస్తూ, ఒక చేత్తో పాపని నూనె దగ్గరికి రాకుండా ఆపుతూ ఉంటే, ఫోన్ ఇవ్వొద్దని నేను చెప్పలేను. చెప్పను కూడా. వేడి నూనె కంటే ఫోన్ నయం. కానీ అదే ఇంట్లో హాల్లో ఎంతమంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు? బావ ఉన్నాడు, బావ తమ్ముళ్లు ఇద్దరు ఉన్నారు, ముగ్గురి చేతుల్లో మూడు ఫోన్లు, ఎదురుగా టీవీలో పండగ స్పెషల్ ప్రోగ్రామ్. బాబాయిలూ మామలూ, ఈ ఎపిసోడ్ సగం మీ కోసమే. ఒక అరగంట పాపని చంకనేసుకుని వీధి చివరిదాకా ముగ్గులు చూపించి రండి. ఆ టీవీ కూడా ఆపండి. ఎవరూ చూడకుండా ఊరికే మోగుతున్నా సరే. 2009లో ఒక పరిశోధనలో ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల్నీ వాళ్ల అమ్మానాన్నల్నీ ఒక గదిలో ఉంచి, అరగంట టీవీ పెట్టి, అరగంట ఆపి చూశారు. టీవీ మోగినప్పుడు పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడటం తగ్గిపోయింది. పిల్లలకి పెట్టిన ప్రోగ్రామ్ కాదది, పెద్దవాళ్లదే.

ఇక మళ్లీ పుంగనూరు. ఆ సంక్రాంతి తర్వాత నెల రోజులకి అక్క దగ్గరికి వెళ్లా. తాతని అడిగి, ఆవుని వీడియో తీసుకున్నా. నలభై సెకన్లు. ఎడిటింగ్ లేదు, పాట లేదు. ఆవు గడ్డి నములుతుంది, తోక ఊపుతుంది, గంట మోగుతుంది. తాత గొంతు వినపడుతుంది, "పాపా, నా కాడికి రా, ఆవు పిలస్తా ఉంది" అని. పాప అప్పటికి రెండేళ్లకి దగ్గర పడింది. అక్క వాళ్లు ఊళ్లోనే వేరే కాపురం, తాత తోట దగ్గర ఉంటాడు, కాబట్టి ఆవు రోజూ కనపడదు. రెండేళ్లు నిండాక అక్క ఆ వీడియోని రెండు మూడు రోజులకోసారి చూపించేది, పక్కన కూర్చుని. "గంట ఎక్కడుంది? తాత ఏమన్నాడు?" అని అడుగుతూ. నలభై సెకన్లలో అయిపోతుంది. మళ్లీ అడిగితే ఇంకోసారి, ఆపైన "తోటకి పోయినప్పుడు చూద్దాం".

ఏదో అద్భుతం జరిగిందని చెప్పను. ఒకరోజు తోటకి తీసుకెళ్తే పాప ఆవు దగ్గరికి పోలేదు, అక్క కొంగు వెనకాలే దాక్కుంది. కానీ తాత "పాపా, నా కాడికి రా" అనగానే తల బయటికి పెట్టి, "ఆవు పిలస్తా ఉంది" అంది, అచ్చం ఆయన యాసలో. ఆయన నవ్విన నవ్వు నేను వీడియో తీసి ఉండాల్సింది. తియ్యలేదు, ఫోన్ సంచిలో ఉంది. ఆవుకి బెల్లం ముక్క తాతే పెట్టాడు ఆ రోజు కూడా. పాప దూరం నుంచి చూసింది, మొత్తం చూసింది.

వచ్చే సంక్రాంతికి ఇంకా టైముంది. ఓళిగ పాప చేత్తో పెట్టిస్తానని తాత ఇప్పటి నుంచే అంటున్నాడు. నేను కూడా వెళ్తా, ఈసారి జడ మాత్రం అక్కనే వెయ్యమంటా.

మీ ఇళ్లలో తాతలు, అవ్వలు పండగకి చేసే పని ఏదైనా ఉంటే, ముగ్గు వెయ్యడమో, సేమియా పాయసం కలపడమో, నక్షత్రానికి బల్బు పెట్టడమో, ఈ పండగకి ఒక్క నిమిషం తీసి పెట్టుకోండి. ఫోన్ అడ్డంగా పట్టుకుని, కదపకుండా. వచ్చే ఎపిసోడ్‌లో అలాంటి వీడియో మామూలు ఫోన్‌తో చీకటి వంటింట్లో కూడా ఎలా తియ్యాలో మాట్లాడుకుందాం. ఉంటా మరి.